కత్తికి కూడెవరు పెట్టాలి?

మా ఇంట్లో పనిచేసే ఆవిడ మొన్నొక రోజు గిన్నెలన్నీ తోమి బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఎంతకీ కదలదు. అడ్వాన్సు కాబోలు అనుకుని నేను పోపులడబ్బా వైపు చూశాను. (ఇల్లాళ్ళ బ్యాంకు అక్కడే కదా!) ఆవిడ అడిగింది డబ్బు కాదు.

"మావాడు మిలిట్రీలో చేరతానంటున్నాడండీ అమ్మగారూ. నాలుగేళ్ళేనంట గదండీ? తర్వాతేం చేస్తాడండీ మరి?" అంది.

ఆ పిల్లవాణ్ణి నేను రోజూ చూస్తూనే వున్నాను. తెల్లవారకముందే బందరు కాలవ గట్టున పరుగెడుతూంటాడు. డాక్టరు నడవమన్నాడు గనక నేను నడుస్తూంటాను. వాడు నన్ను మూడుసార్లు దాటిపోయేసరికి నేను ఒక్క వంతెన దాటుతాను. వాడు చేరతానంటున్నది 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో. నాలుగేళ్ళు కొలువు. ఆ తర్వాత నూటికి పాతికమందిని వుంచుకుని మిగతావాళ్ళను సేవానిధి పేరుతో సుమారు 11.71 లక్షల రూపాయలిచ్చి ఇంటికి పంపుతారు. పెన్షను లేదు. పథకం ప్రకటించిన మూడోరోజే సికిందరాబాదు స్టేషన్లో రైళ్ళు తగలబడటం, కాల్పుల్లో ఒక కుర్రవాడు పోవటం మనందరికీ గుర్తుండే వుంటుంది.

నాకు జవాబు తోచలేదు. నేను చదివింది బి.ఏ., రాసేది నవలలు. నా నవలల్లో మిలిటరీ కుర్రాడు సెలవుమీద ఊరొస్తాడు, మరదల్ని చూస్తాడు, మళ్ళీ రైలెక్కుతాడు. రిటైరయ్యాక ఏం తిని బతికాడో ఒక్క నవలలోనూ రాసిన పాపాన పోలేదు. "కనుక్కుని చెబుతాలే" అన్నాను, పెద్ద తెలిసినట్టు. ఆ సాయంత్రం బీరువా అడుగున వున్న పాత చరిత్ర పుస్తకాలు దులిపి కూర్చుంటే తెలిసిందేమిటంటే, అంట్లు తోముకునే ఆవిడ అడిగిన ప్రశ్నే మన దేశాన్నేలిన రాజులందర్నీ నిద్రపోనివ్వలేదు. యుద్ధం వున్నరోజున సిపాయికి పని వుంటుంది. లేనిరోజున కత్తికి కూడెవరు పెట్టాలి?

అసలు మనం రోజూ వాడే మాటల్లోనే ఈ కథంతా దాక్కుని వుంది. బంట్రోతు అంటే మనకు ఫైళ్ళు మోసేవాడు, టీలు తెచ్చేవాడు. పాత నిఘంటువు తీసి చూడండి, కాలిబంటు అని వుంటుంది. ఇంగ్లీషు వాళ్ళ ప్యూను కూడా అంతే. పోర్చుగీసు భాషలో కాలినడక సైనికుడికి పేరు. దఫేదారంటే గుర్రపు దళంలో చిన్న అధికారి. కలెక్టరుగారి ముందు ఎర్ర పట్టీ వేసుకు నడిచే దఫేదారు ఆయన వారసుడే. ఇక సిబ్బంది! ఆఫీసు తలుపుల మీద "సిబ్బందికి మాత్రమే ప్రవేశం" అని రాసి వుంటుంది చూశారూ, ఆ సిబ్బంది ఒకప్పుడు జమీందారు జీతమిచ్చి పెట్టుకున్న సాయుధుల గుంపు. శిస్తు కట్టనివాడి గుమ్మం ముందు వాళ్ళు బల్లేలతో దిగేవాళ్ళు. మూడు నెలలకోసారి జీతం ముట్టే కొలువు గనక పారశీకంలో ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. యుద్ధం పోయాక సిపాయి ఏమయ్యాడు అంటే, పాపం, ఆఫీసులో స్టూలు మీద కూర్చున్నాడన్నమాట.

ఊరి తలారి సంగతి మరీ చిత్రం. నాగార్జునకొండ శాసనాల్లో మూడో శతాబ్దం నాటి ఇక్ష్వాకుల కాలంలో మహాతలవర అనే పెద్ద హోదా కనిపిస్తుంది. సేనాపతులకుండే బిరుదది. మన తలారి ఆ తలవరుడి నుంచి దిగినవాడేనని పండితులంటారు. ఎక్కడి సేనాపతి, ఎక్కడి చావిడి కాపలా! పిల్లల్ని తీసుకుని నాగార్జునసాగర్ లాంచీలో ఆ కొండకి వెళ్ళినప్పుడు నాకు ఇంకో సంగతి పట్టుకుంది. అక్కడి మహాచైత్యానికి స్తంభాలెత్తించింది చాంతిసిరి అనే ఆవిడ. చాంతమూల మహారాజుకు తోబుట్టువు, మహాసేనాపతి మహాతలవర కందసిరికి భార్య. భర్త హోదా చొప్పున ఆవిడా మహాతలవరి. అదే లోయలో యుద్ధాల్లో పోయినవారి పేర ఎత్తిన ఛాయాస్తంభాలూ దొరికాయి. మగవాళ్ళు కత్తి పట్టుకుపోయారు, ఆడవాళ్ళు రాళ్ళెత్తించి పేర్లు చెక్కించారు. పదిహేడు వందల ఏళ్ళ తర్వాత మనకి గుర్తుకొచ్చే పేరు ఆవిడదే.

సరే, కూడు సంగతికొద్దాం. మనవాళ్ళు మొదట కనిపెట్టిన మార్గం, జీతం బదులు భూమి ఇవ్వటం. కాకతీయుల కాలంలో దీన్ని నాయంకరం అన్నారు. నీకు ఫలానా ఊళ్ళు ఇస్తున్నాను, వాటి ఆదాయం తిను, నేను కబురు చేసినప్పుడు ఇంత కాల్బలంతో, ఇన్ని గుర్రాలతో రా అన్నమాట. రాజుకి నెలనెలా జీతాల గొడవ లేదు. సైనికుడికి తన ఊరు, తన పొలం, తన పాడి. యుద్ధం లేనప్పుడు కత్తి గోడకి తగిలించి కాడి కట్టుకుంటాడు. ఆ రోజుల్లో నాయకుడన్నది పుట్టుక కాదు, పని. నాగలి పట్టిన చెయ్యే పదిమందిని పోగుచేసి కత్తి పడితే నాయకుడైపోయేది. తర్వాత తర్వాత ఆ పని పోయి పేరు మిగిలింది, పేరు వంశమై కూర్చుంది.

మన డెల్టా మనిషే దీనికి మంచి సాక్షి. కృష్ణ సముద్రంలో కలిసేచోట దివిసీమ వుంది కదా, పదమూడో శతాబ్దం మొదట్లో కాకతి గణపతిదేవుడు దాన్ని జయించాడు. జయించినవాడు మామూలుగా ఏంచేస్తాడు? ఓడినవాడి తల నరికిస్తాడు. గణపతిదేవుడు దివిసీమను వాళ్ళకే వదిలి, ఆ ఇంటి ఆడపిల్లలిద్దర్నీ, నారమనూ పేరమనూ, పెళ్ళాడి, వాళ్ళ తమ్ముడు జాయపను వెంట తీసుకుపోయాడు. ఆ కుర్రవాడు పెద్దై కాకతీయుల గజసైన్యానికి అధిపతి అయ్యాడు. అంతేనా? గుండామాత్యుడి దగ్గర నాట్యం నేర్చుకుని, 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్రం రాశాడు. మా ఇంటి షోకేసులో కొండపల్లి అంబారీ ఏనుగు వుంది. దాన్ని తుడిచినప్పుడల్లా జాయప గుర్తొస్తాడు. ఏనుగుల దండుకి అధిపతి అడవుల గురించో అంకుశాల గురించో కాక, అడుగులు వేసే పద్ధతి గురించి పుస్తకం రాయటం ఎంత బాగుందో! యోధులు ఓ వర్గమైపోయి కొన్నాళ్ళు నిలకడగా తింటే ఇలాంటి ఫలాలు కూడా కాస్తాయి. ఆ మాట ఒప్పుకోవాలి.

ఇంకో మనిషిని కూడా చెప్పి తీరాలి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటుంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం భూమి దానమిచ్చి దాన్ని వేయించినవాడు పువ్వుల ముమ్మడి. రాజూ కాదు, మంత్రీ కాదు, ఆ మల్లికార్జున నాయకుడి కొలువులో బంటు. రాణి పోయిన సంగతి బంటు చెప్పాడు. భూమి తిని బతికే బంటుకి తన ఏలిక మీద ఆపాటి మమకారం వుండేది. జీతానికొచ్చినవాడు రాయి వేయిస్తాడా అని మీరే ఆలోచించండి.

అయితే ఇందులోనే తిరకాసుంది. బంటు మమకారం తన నాయకుడి మీద. నాయకుడి మమకారం తన ఊళ్ళ మీద. దేశం ఎవరిది? 1323లో ఓరుగల్లు పడిపోయాక, ముసునూరి ప్రోలయ నాయకుడు, ఆయన తర్వాత కాపయ నాయకుడు చెదిరిన నాయకుల్ని కూడగట్టి ఢిల్లీ సైన్యాల్ని తరిమారు. (ఆ ఇంటిపేరు మన నూజివీడు పక్కనున్న ముసునూరు నుంచి వచ్చిందంటారు.) కాపయను 75 మంది నాయకులు కొలిచారని అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనం చెబుతుంది. డెబ్బయి అయిదుగురు ఒక్కమాట మీద నిలబడటం! మన అపార్టుమెంట్లో పన్నెండు వాటాలవాళ్ళు నీళ్ళ మోటారు విషయంలో ఒక్కమాట మీదికి రారు. కానీ శత్రువు పోగానే ఆ ఏకత్వమూ సడలింది. ఎవరి కోట వారిది, ఎవరి చేను వారిది. 1367 ప్రాంతంలో రాచకొండ వెలమ నాయకుల చేతిలోనే, అంటే తోటి తెలుగువాళ్ళ చేతిలోనే, కాపయ యుద్ధభూమిలో పడిపోయాడు. తర్వాత నాయకులు తమ తమ ఊళ్ళకు పోయి వాటిని చూసుకున్నారని ఆ శాసనమే చెబుతుంది.

యోధుల ఇళ్ళలో ఇంకో రోగముంది. కత్తి పని లేక వూరుకోదు. అవతల పల్నాడు చూడండి. పన్నెండో శతాబ్దంలో ఒక ఇంటి దాయాదులు, కోడిపందెం, అరణ్యవాసం, చివరికి కారెంపూడిలో నాగులేటి ఒడ్డున రెండువైపులా మారణహోమం. దండెత్తి వచ్చిన పరాయి శత్రువెవడూ లేడు. ఇప్పటికీ కార్తీకంలో కారెంపూడిలో అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరుల ఆయుధాలకు పూజ చేసి వూరేగిస్తారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్ళను ఒక్క చాపమీద కూర్చోబెట్టాడన్న మాట విన్నప్పుడు వొళ్ళు పులకరిస్తుంది. ఆ చాపమీద కలిసి తిన్నవాళ్ళందరూ కలిసే చచ్చిపోయారన్నది గుర్తొస్తే మాత్రం నాకు పూజ మీద మనసు నిలవదు.

విజయనగరం వాళ్ళు ఇదే పద్ధతిని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసినదాన్ని బట్టి నాయకులు వసూలు చేసినదాంట్లో సగం రాయలకు కట్టి, మిగతా సగంతో సైన్యాన్ని మేపాలి. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడు పట్టి, వెంటనే మన కొండపల్లి మీదికొచ్చాడు. అంత పెద్ద విజేత కూడా దుర్గాలను బ్రాహ్మణుల చేతిలో వుంచటం మేలని ఆముక్తమాల్యదలో రాశాడంటే, భూమీ సైన్యమూ రెండూ వున్న నాయకుణ్ణి చూసి ఆయనకెంత గుబులుండేదో తెలుస్తుంది. దొంగకి తాళాలిచ్చి నిద్రపోవటంలాంటిదే కదా మరి.

ఇక రెండో మార్గం. భూమి వద్దు, రొక్కం ఇస్తాను, ఏడాది పొడుగునా నా దగ్గరే వుండు, రోజూ కవాతు చెయ్యి. ఇదే నిలవ సైన్యం. వినటానికి బాగానే వుంది. పొలం దున్నేవాణ్ణి దండుకి లాక్కుపోనక్కర్లేదు, ఊడ్పులవేళ యుద్ధం ఆగనక్కర్లేదు, పిలిస్తే పలుకుతారు. కానీ ఒకటో తారీకు వస్తుందే! ఉద్యోగస్థుడి భార్యగా ఆ తారీకు బరువు నాకు తెలుసు. మా ఇంట్లో నలుగురికి వచ్చిన తంటా, హైదరాబాదు సుబేదారు సలాబత్ జంగుకి వేలమందితో వచ్చింది.

ఆయన్ని గద్దెమీద నిలబెట్టింది బుస్సీ అనే ఫ్రెంచి సేనాని దండు. ఆ దండుకి జీతాలు బాకీ పడ్డాయి. ఖజానా ఖాళీ. 1753లో బుస్సీ ఒక పరిష్కారం చెప్పాడు: రొక్కం లేకపోతే జిల్లాలు రాసియ్యండి, మేమే వసూలు చేసుకుంటాం. అలా ముస్తఫానగరం (అంటే మన కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు నాలుగూ ఫ్రెంచివాళ్ళ పరమయ్యాయి. అంటే కృష్ణ నుంచి శ్రీకాకుళం దాకా మన పంటపొలాలు, మన ఊళ్ళు, సిపాయిల జీతాల బాకీ కింద జమ. ఈ సంగతి బి.ఏ.లో చదివే వుంటాను, పరీక్ష రాసి మర్చిపోయాను. ఇప్పుడు మళ్ళీ చదివితే కడుపు రగిలింది. ఏ యుద్ధంలోనూ ఓడకుండానే, ఒక్క తూటా పేలకుండానే, పద్దుపుస్తకంలో ఒక గీతతో పోయాం.

బుస్సీ ఆ శిస్తులు చక్కబెట్టుకోటానికి వచ్చినప్పుడే 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం విజయరామరాజుకీ బొబ్బిలి వారికీ పాతపగలు, బుస్సీకి ఫిరంగులు. తాండ్ర పాపారాయుడి కథ బుర్రకథల్లో వింటూ పెరిగినవాళ్ళమే మనమంతా. కోట పడిపోతుందని తెలిసి ఆ వీరులు తమ ఆడవాళ్ళనూ బిడ్డలనూ తమ చేతులతోనే చంపుకుని, తామూ చచ్చిపోయారు. మూడో రాత్రి పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి పగతీర్చుకున్నాడు. కథకుడు అక్కడ తందానతాన అని గొంతెత్తితే జనం చప్పట్లు కొడతారు. నేనూ చిన్నప్పుడు కొట్టాను. ఇప్పుడు మాత్రం ఆ లోపలి ఇళ్ళల్లోని ఆడవాళ్ళను ఎవరైనా ఒక్క మాట అడిగారా అనిపిస్తుంది. పాత పద్ధతి యోధుడి పౌరుషం ఒక పక్క, కొత్త పద్ధతి సైన్యపు జీతాల లెక్క ఇంకోపక్క. రెండింటి మధ్యా నలిగిపోయింది వాళ్ళు.

ఇంగ్లీషువాళ్ళు మెరుగా? కర్నల్ ఫోర్డు 1759లో మచిలీపట్నం ముట్టడించినప్పటి ముచ్చట వినండి. విజయనగరం ఆనంద గజపతిరాజు ఇస్తానన్న డబ్బు సమయానికి ఇవ్వలేదు. కోట ముందు దిగిన ఫోర్డు చేతిలో జీతాలకు పైసా లేదు. అతని తెల్ల సోల్జర్లే తుపాకులతో సహా బయటికొచ్చి, బాకీ తీర్చకపోతే వెళ్ళిపోతామన్నారు. కోట పడితే దోపుడు సొమ్మంతా మీదేనని బతిమాలి నిలబెట్టుకున్నాడు. ఇటు మన బెజవాడలో సలాబత్ జంగు వేలాది గుర్రాలతో, కాల్బలంతో వచ్చి దిగివున్నాడు. బందరుకి అట్టే దూరం లేదు. ఏప్రిల్లో ఒక రాత్రి ఫోర్డు బురదనేలల్లోంచి దాడిచేసి తెల్లారేసరికి కోట పట్టేశాడు. సలాబత్ జంగు బెజవాడ దాటి వెళ్ళి యుద్ధం చెయ్యకుండానే మేలో ఒడంబడిక రాసిచ్చాడు. బెజవాడలో దండు దిగినన్నాళ్ళూ దానికి గడ్డీ గింజా ఎవరిచ్చారో చరిత్రకారులు రాయరు. ఇచ్చింది మనవాళ్ళేనని వేరే చెప్పాలా?

ఒకసారి కుదిరిన బేరం మళ్ళీ మళ్ళీ కుదిరింది. 1800లో నిజాము తన దగ్గరుంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు శాశ్వతంగా రాసిచ్చాడు. వాటికే దత్తమండలాలని పేరు. 1853లో అదే జీతాల పద్దు కింద బేరారు పోయింది. ఎంత తమాషా చూడండి, కోస్తా పోయిందీ సీమ పోయిందీ సిపాయి జీతం కిందే. మరి ఇదే ఇంగ్లీషువాళ్ళు తమ దేశంలో 1689లోనే, పార్లమెంటు ఒప్పుకోకుండా శాంతికాలంలో నిలవ సైన్యం వుంచకూడదని హక్కుల చట్టంలో రాసుకున్నారు. ఇంటి దగ్గర పులిని కట్టేసి, మన వాకిట్లో వదిలారు.

అలాగని పాత జమీందార్ల సిబ్బంది మీద నాకేం మోజు లేదు. అమరావతి పట్నం కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గొప్ప దాత. గుళ్ళు కట్టించాడు, గోపురాలెత్తించాడు. ఆయన గురించే ఆ ప్రాంతంలో ఇంకో కథ చెప్పుకుంటారు. ఊళ్ళు దోచుకుంటున్నారని చెంచుల్ని విందుకని పిలిపించి తలలు నరికించాడని, ఆ పాపం వెంటాడి కంచంలో అన్నం పురుగులై కనిపించేదని, ప్రాయశ్చిత్తంగానే అన్ని గుళ్ళు కట్టించాడని. నరుకుళ్ళపాడు అనే ఊరిపేరు అందుకే వచ్చిందంటారు. కథలో నిజమెంతో గానీ, ఒక మనిషి కోపానికీ ఒక దండుకీ మధ్య అడిగే నాథుడు లేకపోతే ఏమవుతుందో జనానికి తెలుసు. తెలుసు గనకే ఊరికి ఆ కథ కట్టారు.

శాశ్వత పైసలా వచ్చాక, అంటే 1802 తర్వాత, కంపెనీ జమీందార్ల దగ్గర్నుంచి పోలీసు అధికారం లాగేసుకుంది. సిబ్బందులు రద్దయ్యాయి. ఊళ్ళ మీద దండులు పడటం ఆగింది, కోతలవేళ కోటనుంచి గుర్రాలు రావటం ఆగింది. అది నిజంగా మేలే, కాదనకూడదు. కానీ ఆ బల్లేలవాళ్ళు ఏమయ్యారు? కొందరు బంట్రోతులయ్యారని చెప్పానుగా. మిగతావాళ్ళ లెక్క ఎవరూ వేయలేదు. ఇదే పని జపాను వాళ్ళు చేసినప్పుడు కనీసం లెక్క వేశారు. సమురాయిలకు తరతరాలుగా వస్తున్న భరణాన్ని బాండ్లుగా మార్చి చేతిలో పెట్టారు, 1876లో కత్తులు పెట్టుకు తిరగటం నిషేధించారు. ఆ మరుసటేడే సత్సుమాలో సమురాయిలు తిరగబడ్డారు. లెక్క వేసి ఇచ్చినా తిరగబడ్డారంటే, ఇవ్వనిచోట ఎన్ని కొంపలు కూలాయో!

నిలవ సైన్యం తెచ్చిన శాంతి కూడా ఎలాంటిదో మన డెల్టాకే బాగా తెలుసు. 1832-33 నందన సంవత్సరంలో కరువొచ్చింది. డొక్కల కరువన్నారు, మనుషుల డొక్కలు లెక్కపెట్టొచ్చు గనక. గుంటూరు జిల్లాలోనే లక్షన్నర నుంచి రెండు లక్షలమంది పోయారు. శత్రువు రాలేదు, కోట పడలేదు. కంపెనీ శిస్తు వసూలు చేస్తూనే వుంది, ఆ ఖర్చుల్లో పెద్దపద్దు సైన్యానిదే. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టటానికి 1852 దాకా చెయ్యి రాలేదు, 1855కి గానీ పూర్తికాలేదు. నేను రోజూ నడిచే కాలవ గట్టు ఆ లెక్కలో ఆలస్యంగా చేరిన పద్దు.

ఇంతా చెప్పి, మనవాళ్ళు సిపాయిలుగా ఎలా వుండేవారో చెప్పకపోతే అన్యాయం. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకి తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. వాళ్ళను చూసి అక్కడివాళ్ళు ఎర్రకోటు వేసుకున్న సిపాయినల్లా తిలంగా అన్నారు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని, వాళ్ళు అవధ్ వాళ్ళైనా సరే, ఆ ఊరి జనం తిలంగాలనే పిలిచారు. మన జాతి పేరు అక్కడ ఒక వృత్తి పేరైపోయింది! ఆ తిలంగాలు కీలుబొమ్మలేం కాదు. 1780 అక్టోబరులో హైదరాలీ మీదికి పంపటానికి ఓడ ఎక్కమంటే విశాఖపట్నంలో తుపాకులు తిప్పారు.

తర్వాత శతాబ్దంలో లార్డ్ రాబర్ట్స్ అనే సేనాధిపతి వచ్చి, దీర్ఘకాలం శాంతిలో బతికి తమిళులూ తెలుగువాళ్ళూ పౌరుషం పోగొట్టుకున్నారని తేల్చాడు. యుద్ధజాతులు వేరే వున్నాయట, మనం కాదట. పందొమ్మిదో శతాబ్దం చివరికి తెలుగువాళ్ళను చేర్చుకోవటం దాదాపు ఆగిపోయింది. యాభై ఏళ్ళు కూడా తిరక్కుండా రెండు ప్రపంచయుద్ధాలొచ్చేసరికి ఆ పౌరుషం మళ్ళీ వెతుక్కుంటూ వచ్చారు. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం వుంది. పూర్వం పూసపాటి రాజు పక్క ఊళ్ళో కోట కట్టి, సైనికులకు అక్కడ నివాసాలిచ్చాడని వాళ్ళ ఐతిహ్యం. భూమి తిన్న బంట్ల ఊరన్నమాట. ఆ ఊరినుంచే రెండు యుద్ధాలకూ కుర్రాళ్ళు వెళ్ళారు, ఇప్పటికీ వెళుతున్నారు. మిలిటరీ మాధవరం అనే పేరు. అక్కడ సైన్యమంటే వీరత్వం మాటలతోబాటు పెన్షను, క్యాంటీను, ఇంటి పునాదీ కూడా. యుద్ధజాతి అనేది రక్తంలో వుండదు, ఇంటి ఆదాయంలో వుంటుంది. కోటి విద్యలు కూటి కొరకే అన్నవాడు రాబర్ట్స్ దొరకన్నా తెలివైనవాడు.

ఇవన్నీ చదివాక నా పక్షం ఏమిటంటారా? నిలవ సైన్యమే నయం. ఊరికో నాయకుడు, వాడికో దండు వుండే రోజులు ఆడవాళ్ళెవరూ కోరుకోరు. ఖజానానుంచి ఒకటో తారీకున జీతం రావాలి, ఎన్నికైనవాళ్ళు లెక్క అడగాలి, సేనాని ఎవడైనా వాళ్ళ మాట వినాలి. డెబ్బయి అయిదుగురు నాయకుల మీద ఆధారపడటం కన్నా అది క్షేమం. కానీ పాత నాయంకరంలో ఒక్క సుగుణం వుండేది. యుద్ధం అయిపోయాక బంటు ఇంటికొస్తే, ఆ ఇల్లూ చేనూ అక్కడే వుండేవి. ఇప్పుడు ఇరవై రెండేళ్ళకో ఇరవై అయిదేళ్ళకో తుపాకి అప్పజెప్పి వచ్చే కుర్రవాడికి పదకొండు లక్షలు ఎన్నాళ్ళొస్తాయి? బెజవాడలో ఆ డబ్బుకి రెండు గదుల వాటా కూడా రాదు. పెన్షన్ల బరువు పెరిగిపోతోందని ప్రభుత్వం అంటే, అదీ అబద్ధం కాదు. సలాబత్ జంగు గతి చూశాంగా.

మర్నాడు ఆవిడ రాగానే ఇదంతా చెప్పబోయాను. సలాబత్ జంగు దాకా కూడా రానివ్వలేదు. కొంగుముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. కావలసినవన్నీ కొడుకు రాసుకున్నాడు: పదో తరగతి సర్టిఫికెట్టు, కుల ధ్రువపత్రం, ఆధారు, ఫోటోలు. కంప్యూటరులో దరఖాస్తు నింపాలట, మా అబ్బాయిని పంపమంది.

"మరి నాలుగేళ్ళ తర్వాతో అన్నావుగా నిన్న?" అన్నాను.

"తర్వాత సంగతి తర్వాతండీ. ఈ నాలుగేళ్ళూ మూడు పూటలా తింటాడు గదండీ," అని బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.